కిరీటానికి వయసెంత?

జడలు వేసి, పూలు తురిమి, కూతుళ్లనూ మనవరాళ్లనూ సింగారించిన చేతులు అవి. ఇప్పుడు ఆ చేతులే తమ తెల్లజుట్టు సవరించుకుని వేదిక ఎక్కుతున్నాయి. చప్పట్లు కొట్టేవాళ్లు కొందరైతే, ముక్కున వేలేసుకునేవాళ్లు ఇంకొందరు. ఇంతకీ అక్కడ పోటీపడుతున్నది అందమా... వయసా?

తెల్లటి పూసల గౌను. అంతకంటే తెల్లటి జుట్టు. 2024 సెప్టెంబరు 30న దక్షిణ కొరియాలో విశ్వసుందరి పోటీకి ఎవర్ని పంపాలో తేల్చే వేదిక మీదికి చోయ్ సూన్ హ్వా నడిచొచ్చేసరికి ఆమె వయసు 81. చుట్టూ నిలబడ్డ పోటీదారుల్లో చాలామంది ఆమెకు మనవరాళ్ల ఈడువాళ్లు. ఆమె పుట్టింది 1943లో. విశ్వసుందరి పోటీ మొదలైంది 1952లో. అంటే పోటీ కంటే పోటీదారే తొమ్మిదేళ్లు పెద్ద!

కిరీటం ఆమెకు దక్కలేదు. చక్కగా ముస్తాబైనందుకు ఇచ్చే 'బెస్ట్ డ్రెసర్' బహుమతి దక్కింది. అయితేనేం, ఆ వారం దేశదేశాల పత్రికల్లో గెలిచిన అమ్మాయి కంటే ఓడిన బామ్మ ఫొటోనే ఎక్కువగా కనిపించింది.

ఆ ఫొటో చూసిన ఇళ్లలో రెండు మాటలు వినిపించి ఉంటాయి. 'ఎంత ముచ్చటగా ఉందో' అని ఒకటి. 'కృష్ణా రామా అనుకోవాల్సిన వయసులో ఈ సోకులేంటి' అని రెండోది. ఆ రెండో మాట అనేది మగవాళ్లేననుకుంటే పొరపాటే. చాలాసార్లు ఆమె ఈడు ఆడవాళ్లే అంటారు. ఎందుకంటే అది వాళ్లకూ ఎవరో ఎప్పుడో అప్పజెప్పిన మాటే. నలభై నిండగానే కొట్టొచ్చే రంగు చీరలెందుకని అత్తగారు, కూతురికి పెళ్లి చేశాక ఇంకా తలలో పూలేంటని తోటికోడలు, మనవడు పుట్టాక లిప్‌స్టిక్ ఏమిటమ్మా అని కన్నకూతురు... ఇలా తలా ఒక మాట అనీ అనీ, చివరికి ఆ మాట ఆమె సొంతమైపోతుంది. ఆ తర్వాత ఆపాల్సిన పని ఎవరికీ ఉండదు. తనను తనే ఆపేసుకుంటుంది.

ఆసుపత్రి వరండాలో నడక

చోయ్‌ది కలవారి కుటుంబం కాదు. కూర్చుని తినే జీవితమూ కాదు. అప్పులు తీర్చడానికి ఆమె ఆసుపత్రిలో సహాయకురాలిగా చేరింది. మంచం పట్టిన రోగుల పక్కనుండి తినిపించడం, తుడవడం, లేపి కూర్చోబెట్టడం... అదీ పని. డెబ్భై దాటాక కూడా అదే పని.

అలాంటి రోజుల్లో ఒక రోగి ఆమెతో 'మీరు మోడలింగ్ చేయొచ్చు కదా' అన్నారట. వేళాకోళంగా తీసుకుని నవ్వేసి వదిలేయాల్సిన మాట. ఆమె వదల్లేదు. 72 ఏళ్ల వయసులో మోడలింగ్ శిక్షణకు వెళ్లింది. ఆసుపత్రి వరండాల్లోనే నడక సాధన చేసింది. 2018లో సియోల్ ఫ్యాషన్ వీక్‌లో మొదటిసారి ర్యాంప్ మీద నడిచేనాటికి ఆమెకు 74 ఏళ్లు.

ఈ కథలో తరచి చూడాల్సింది ఆ రోగి అన్న మాటనే. ఆసుపత్రిలో డాక్టరు ముఖం అందరూ చూస్తారు. నర్సు ముఖం అవసరం కొద్దీ చూస్తారు. పక్కనుండి పళ్లెం తీసే ఆయమ్మ ముఖం ఎవరూ చూడరు. 'ఆయమ్మా' అని పిలుస్తారంతే. ఆమెకు పొడవాటి మెడ ఉందా, నిటారుగా నడుస్తుందా, నవ్వితే బాగుంటుందా అన్నది ఎవరికీ పట్టదు. మంచం మీద పడుకున్న ఒక మనిషికి మాత్రం పట్టింది. పట్టి, ఆ సంగతి పైకి చెప్పారు. డెబ్భై ఏళ్ల జీవితాన్ని మలుపు తిప్పడానికి ఆ ఒక్క చూపు చాలింది.

గీత గీసింది ఎవరు?

అసలు అందాల పోటీకి వయసుతో లంకె ఎలా పడింది? దానికి జవాబు అందంలో లేదు, వ్యాపారంలో ఉంది.

అమెరికాలోని అట్లాంటిక్ సిటీ సముద్రతీరానికి వేసవిలో జనం పోటెత్తేవారు. సెప్టెంబరు మొదటివారం దాటితే అంతా ఖాళీ. హోటళ్లు వెలవెలబోయేవి. జనాన్ని మరికొన్ని రోజులు ఆపాలంటే ఏం చేయాలా అని వ్యాపారులు ఆలోచించి, 1921లో అమ్మాయిల పోటీ పెట్టారు. గెలిచిన మార్గరెట్ గోర్మన్ వయసు 16. తర్వాత 'మిస్ అమెరికా'గా స్థిరపడింది ఆ పోటీయే.

1951లో లండన్‌లో 'మిస్ వరల్డ్' మొదలైంది. అదీ బ్రిటన్‌లో జరుగుతున్న ఓ ఉత్సవానికి జనాన్ని రప్పించడానికి పెట్టిన బికినీల పోటీయే. ఇక 'మిస్ యూనివర్స్' పుట్టుక మరీ చిత్రం. 1951 మిస్ అమెరికాగా ఎంపికైన యోలాండ్ బెట్‌బీజ్, గెలిచాక ఈత దుస్తుల్లో ఫొటోలకు నిలబడనని తెగేసి చెప్పింది. పోటీకి డబ్బు పెడుతున్న ఈత దుస్తుల కంపెనీకి కోపం వచ్చింది. మిస్ అమెరికాకు రాంరాం చెప్పి, మరుసటి ఏడాదే సొంతంగా మిస్ యూనివర్స్‌ను మొదలుపెట్టింది.

అంటే 18 ఏళ్లు నిండాలి, 28 దాటకూడదు అనే గీత గీసింది కవులూ కాదు, చిత్రకారులూ కాదు. ఆ గీత గీసింది అంగడి. స్విమ్‌సూట్ అమ్మడానికి ఎవరి శరీరం పనికొస్తుందో వాళ్లే అందగత్తెలు. ఆ లెక్క డెబ్భై ఏళ్లకు పైగా చెల్లింది. పెళ్లయితే అనర్హురాలు, తల్లయితే అనర్హురాలు, ముప్పైకి చేరువైతే అనర్హురాలు.

2023 పోటీల నుంచి మిస్ యూనివర్స్ నిర్వాహకులు పెళ్లయినవాళ్లనూ, తల్లులనూ అనుమతించారు. అదే ఏడాది సెప్టెంబరులో గరిష్ఠ వయోపరిమితినీ ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. 18 నిండితే చాలు, పైన ఎంతైనా ఫర్వాలేదు. ఆ ప్రకటన వచ్చిన ఏడాదిలోపే తలుపులు తోసుకుని వచ్చారు పెద్దవాళ్లు. 2024 జూన్‌లో 71 ఏళ్ల మరిస్సా టీహో 'మిస్ టెక్సస్ యూఎస్ఏ' పోటీలో పాల్గొన్నారు. అదే ఏడాది నవంబరులో మెక్సికో సిటీలో జరిగిన విశ్వసుందరి పోటీలో మాల్టా దేశం తరఫున నిలిచిన బియాట్రిస్ ఎన్జోయాకు 40 ఏళ్లు, ముగ్గురు పిల్లలు.

అందరికంటే ఎక్కువ చర్చ జరిగింది మాత్రం అర్జెంటీనా లాయరమ్మ గురించి.

'అరవైలా లేరే!'

అలెజాంద్రా మారిసా రోడ్రిగెజ్ ఊరు అర్జెంటీనాలోని లా ప్లాటా. లాయరు, జర్నలిస్టు. 2024 ఏప్రిల్‌లో బ్యూనస్ ఎయిర్స్ ప్రావిన్స్ సుందరిగా ఎంపికయ్యేనాటికి ఆమెకు 60 ఏళ్లు. ఆ పోటీలో 18 నుంచి 73 ఏళ్ల వయసు వరకూ ఉన్నారు. మే 25న జరిగిన జాతీయ పోటీలో ఆమె గెలవలేదు కానీ, 'ఉత్తమ వదనం' బహుమతి అందుకున్నారు.

ఆమె ఫొటో చూసిన ప్రతి ఒక్కరూ అన్నది ఒకటే మాట. 'అరవై ఏళ్లా! అస్సలు కనిపించరే!' తర్వాతి ప్రశ్న: 'ఏం తింటారు? ఏం రాసుకుంటారు? ఆపరేషన్ ఏమైనా చేయించుకున్నారా?' చట్టం చదివి, కోర్టు చూసి, వార్తలు రాసిన ఒక మనిషిని ప్రపంచం అడిగింది ఇదీ.

'వయసు కనిపించడం లేదు' అనే మాట వినడానికి మెచ్చుకోలుగానే ఉంటుంది. పెళ్లిళ్లలో ఎదురుపడ్డ చుట్టాలు ఆ మాట అంటే ఎవరికైనా లోలోపల సంతోషమే. కాస్త నిదానంగా ఆలోచిస్తే అందులోని ముల్లు గుచ్చుకుంటుంది. వయసు కనిపించకపోతే అందం. కనిపిస్తే? అరవై ఏళ్ల మనిషి ముప్పై అయిదులా ఉన్నందుకు బహుమతి ఇస్తే, గెలిచింది అరవై కాదు, మళ్లీ ముప్పై అయిదే. తలుపు తెరిచారు నిజమే, లోపలికి రానిచ్చింది మాత్రం పాత చుట్టాన్నే.

ఈ కోణంలో చూసినప్పుడే చోయ్ తెల్లజుట్టు విలువ తెలుస్తుంది. ఆమె రంగు వేసుకోలేదు. 81ని 50గా చూపించాలనుకోలేదు. తన వయసుతోనే వేదిక ఎక్కింది, తన వయసుతోనే దిగింది.

ఈత దుస్తుల్లేవు, మాటుంది

పెద్దవాళ్ల పోటీలు మొన్న మొన్న పుట్టినవేం కావు. అమెరికాలోని న్యూజెర్సీలో 1970ల తొలినాళ్లలోనే 'మిస్ సీనియర్ అమెరికా' మొదలైంది. అరవై నిండిన ఆడవాళ్లకే ప్రవేశం. ఆ వయసుకి వాళ్లు పెట్టుకున్న పేరు కూడా బాగుంటుంది... 'హుందాతనం వయసు' అని అర్థం వచ్చే మాట.

అందులో ఈత దుస్తుల రౌండు లేదు. నాలుగు అంశాలుంటాయి. న్యాయనిర్ణేతలతో ముఖాముఖి మాట్లాడాలి. గౌను వేసుకుని నడవాలి. పాటో, నాట్యమో, వాద్యమో... వచ్చిన విద్య ప్రదర్శించాలి. నాలుగోది అసలైనది. జీవితం తనకు ఏం నేర్పిందో నిమిషంలోపు చెప్పాలి!

ఇరవై ఏళ్ల అమ్మాయిని వేదిక మీద 'జీవితమంటే ఏమిటి' అని అడిగితే ప్రపంచశాంతి గురించి చెబుతుంది. తప్పు ఆ పిల్లది కాదు, ఇంకా ఏం చూసిందని? అరవై దాటిన మనిషి దగ్గర చెప్పడానికి చాలా ఉంటుంది. భర్త పోయాక ఒంటరిగా పిల్లల్ని పెంచడం, జబ్బు నుంచి లేవడం, రిటైరైన మర్నాడు పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలో తెలియక కూర్చోవడం... అదంతా నిమిషంలోకి కుదించాలి. ర్యాంప్ నడక కంటే అదే కష్టం.

హైఫాలో ఎర్ర తివాచీ

వీటన్నిటికీ భిన్నమైన పోటీ ఒకటుంది. అది తలచుకుంటే నవ్వూ రాదు, ఏడుపూ రాదు. రెండూ కలిసి గొంతులో అడ్డుపడతాయి.

2012 జూన్‌లో ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో ఒక అందాల పోటీ జరిగింది. పాల్గొనడానికి అర్హత ఒక్కటే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నాజీల మారణకాండను తప్పించుకుని బతికి బయటపడి ఉండాలి. దాదాపు 300 మంది పేర్లిస్తే 14 మంది తుదిపోటీకి వచ్చారు. వాళ్ల వయసు 74 నుంచి 97 ఏళ్లు. జుట్టు దువ్వించుకుని, ముఖానికి రంగులద్దుకుని, మెడలో నగలు వేసుకుని ఎర్ర తివాచీ మీద నడిచారు. నడిచి, మైకు ముందు నిలబడి, తాము ఎలా బతికి బయటపడ్డారో చెప్పారు.

గెలిచిన హావా హెర్ష్‌కోవిట్జ్‌కు అప్పటికి 79 నిండబోతున్నాయి. రొమేనియాలో పుట్టిన ఆమె కుటుంబాన్ని 1941లో ఇంట్లోంచి వెళ్లగొట్టారు. మూడేళ్లు నిర్బంధ శిబిరంలో గడిచాయి. ఎనిమిదేళ్ల పిల్ల! 2018లో జరిగిన పోటీలో 93 ఏళ్ల తోవా రింగర్‌కు కిరీటం దక్కింది. ఆమెది పోలెండ్. అమ్మానాన్నలు, నలుగురు అక్కచెల్లెళ్లు, నానమ్మ... అందరూ ఆష్‌విట్జ్ శిబిరంలో పోయారు. 2021లో జెరూసలేంలో జరిగిన పోటీలో 86 ఏళ్ల సెలీనా స్టైన్‌ఫెల్డ్ గెలిచారు. ఆమె ముత్తవ్వ.

ఈ పోటీ మీద ఇజ్రాయెల్‌లోనే పెద్ద దుమారం రేగింది. అంతటి ఘోరాన్ని చూసినవాళ్లను వరసగా నిలబెట్టి మార్కులు వేయడమేంటని చాలామంది మండిపడ్డారు. సౌందర్య సాధనాల కంపెనీ చేయి ఉండటం ఇంకా కంపరమనిపించింది. బాధితుల సంఘాల్లో పనిచేసేవాళ్లే దీన్ని తప్పుపట్టారు. బతికి బయటపడినవాళ్లకు కావాల్సింది మందులూ, పింఛనూ, తోడూ కానీ కిరీటాలా అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. బాధితుల కోసం హైఫాలో వృద్ధాశ్రమం నడుపుతున్న సంస్థే దీన్ని నిర్వహించింది. అందానికి తాము ఇచ్చే మార్కులు చాలా తక్కువనీ, జీవితానికే ఎక్కువనీ నిర్వాహకులు చెప్పుకొచ్చారు.

మరి ఆ పెద్దావిడలు ఎందుకు వచ్చారు? బలవంతంగా ఎవరూ తీసుకురాలేదు. తామే పేర్లిచ్చారు, అదీ వందలమంది.

ఆ శిబిరాల్లో అడుగుపెట్టగానే ఆడవాళ్ల బట్టలు లాక్కునేవారు. జుట్టు నున్నగా గొరిగేసేవారు. ఆష్‌విట్జ్‌లోనైతే చేతి మీద పచ్చబొట్టుతో అంకె పొడిచేవారు. పేరు పోయి అంకె మిగిలేది. జడ వేసుకుని అద్దంలో చూసుకోవాల్సిన ఈడులో అద్దమే లేకుండా చేశారు. అలాంటి మనిషి డెబ్భై ఏళ్ల తర్వాత జుట్టు చక్కగా దువ్వించుకుని, నలుగురి ముందూ నడిచి, మైకులో తన పేరు తాను చెప్పుకుంటే... దాన్ని అందాల పోటీ అనాలో ఇంకేమనాలో! వయసులో ఉండగా లాక్కున్నదాన్ని, వయసైపోయాకైనా వెనక్కి తీసుకోవడమది. ఎవరు ఔనన్నా కాదన్నా, ఆ లెక్క తేల్చుకోవాల్సింది ఆ మనిషే.

మన దేశంలో మొదటి కిరీటం ఎవరిది?

ఇక మన దగ్గరికి వస్తే, ఓ తమాషా సంగతి. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే మిస్ ఇండియాగా గెలిచిన నటి ప్రమీల అప్పటికే ముప్పై ఏళ్ల మనిషి. పెళ్లయింది, పిల్లలున్నారు. అసలు పేరు ఎస్తర్ విక్టోరియా అబ్రహాం, కోల్‌కతాలోని యూదు కుటుంబం. ఇరవై ఏళ్ల తర్వాత 1967లో ఆమె కూతురు నకీ జహాన్ కూడా మిస్ ఇండియా అయింది. తల్లీకూతుళ్లిద్దరూ ఆ కిరీటం పెట్టుకోవడం మరెవరికీ సాధ్యం కాలేదు. పెళ్లయిన ఆడవాళ్లకు 2023లో విశ్వసుందరి వేదిక తలుపు తెరిస్తే అదేదో కొత్త సంగతనుకున్నాం. మన దేశంలో మొదటి కిరీటమే ఒక తల్లి తలకెక్కింది!

ఆ తర్వాత మన దగ్గరా వయసు గీతలు వచ్చేశాయి. 1994లో సుస్మితా సేన్, ఐశ్వర్యా రాయ్ గెలిచాక ఊరూరా 'మిస్' పోటీలు మొదలయ్యాయి. హైదరాబాద్‌లో పుట్టిన డయానా హేడెన్ 1997లో ప్రపంచసుందరి అయ్యాక ఆ వేడి మన ఊళ్లకూ పాకింది. పెళ్లయినవాళ్ల కోసం 1984 నుంచే 'మిసెస్ వరల్డ్' ఉంది. 2001లో డాక్టరు అదితి గోవిత్రికర్ దాన్ని గెలిచారు. మళ్లీ మన దేశానికి ఆ కిరీటం 2022లో సర్గమ్ కౌశల్‌తో వచ్చింది. ఇవి చూసి నగరాల్లో 'మిసెస్' పోటీలు వెల్లువెత్తాయి. మహిళా దినోత్సవం వస్తే చాలు, అపార్టుమెంట్ల సెల్లార్‌లో అత్తాకోడళ్ల ర్యాంప్ వాక్!

వీటిలో పాల్గొనాలనుకునేవాళ్లు కాస్త కళ్లు తెరుచుకుని ఉండటం మంచిది. కొన్నిచోట్ల పేరు నమోదుకు ఒక రుసుము, నడక నేర్పడానికి ఒకటి, ఫొటోలకు ఒకటి, దుస్తులకు ఇంకొకటి... కట్టుకుంటూ పోవాల్సిందే. వచ్చినవాళ్లందరికీ తలా ఒక బిరుదు ఉంటుంది. అందమైన నవ్వుకి ఒకటి, అందమైన కళ్లకు ఒకటి. తప్పేం లేదు, సరదాకే అయితే. కానీ ఎంత ఖర్చవుతుందో, దేనికి మార్కులిస్తారో, ఫొటోలు ఎక్కడ వాడుకుంటారో ముందే కాగితం మీద చూసుకోవాలి. దాచుకున్న డబ్బు మీద కన్నేసేవాళ్లకు పెద్దవాళ్ల ఉత్సాహం కూడా ఒక సరుకే.

2025 మే నెలలో ప్రపంచసుందరి పోటీలు ఏకంగా హైదరాబాద్‌కే వచ్చాయి. వందకు పైగా దేశాల అమ్మాయిలు రామప్ప గుడి చూశారు, పోచంపల్లి మగ్గాలు చూశారు. మే 31న హైటెక్స్‌లో థాయ్‌లాండ్ అమ్మాయి ఓపల్ సుచాతా గెలిచింది. ఆ నెల రోజుల్లో ఒక పెద్ద గొడవైంది రామప్ప దగ్గర. గుడిలోకి వెళ్లేముందు వచ్చిన అమ్మాయిల కాళ్లకు స్థానిక మహిళలు నీళ్లు పోసి కడిగారని. అతిథి మర్యాద అని కొందరు, అవమానమని కొందరు వాదులాడుకున్నారు. ఆ వాదన అలా ఉంచితే, ఒకే ఫొటోలో రెండు రకాల ఆడవాళ్లు కనిపించారు. ప్రపంచమంతా చూస్తున్నవాళ్లు కొందరు, వంగి ఉండటంతో ముఖం కూడా కనిపించనివాళ్లు కొందరు.

విముక్తా... కొత్త సంకెలా?

అందాల పోటీలంటేనే మండిపడేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. 1968లో అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికా వేదిక బయట స్త్రీవాదులు నిరసనకు దిగారు. 1970లో లండన్‌లో ప్రపంచసుందరి పోటీ జరుగుతుండగా హాల్లోనే పిండి పొట్లాలు విసిరారు. 1996లో బెంగళూరులో ప్రపంచసుందరి పోటీ పెట్టినప్పుడు ఆడవాళ్లను అంగట్లో బొమ్మలు చేస్తున్నారని మహిళా సంఘాలు, సంస్కృతి మంటగలుస్తోందని మరికొందరు రోడ్డెక్కారు. ఈత దుస్తుల రౌండును సీషెల్స్ దీవులకు తరలించాల్సి వచ్చింది.

1968లో ప్లకార్డు పట్టుకున్న పాతికేళ్ల అమ్మాయిదీ, చోయ్‌దీ ఒకే ఈడు. ఒకరు ఆ వేదికను కాదని బయట నిలబడ్డారు. ఇంకొకరు అర్ధశతాబ్దం తర్వాత ఆ వేదికే కావాలని లోపలికి నడిచారు. ఇద్దరిలో ఎవరిది ఒప్పు?

బయట నిలబడినవాళ్లు అడిగిన ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు. మనిషికి మార్కులు వేయడమేంటి? పైగా ఇన్నాళ్లూ ఆడవాళ్లకు ఒక ఊరట ఉండేది. నలభైకో యాభైకో ఆ కొలతల గోల వదిలేది. ఎలా ఉన్నా అడిగేవాళ్లుండరు. ఇప్పుడు ఎనభైకి కూడా నడుం నిటారుగా ఉందా, చర్మం బిగువుగా ఉందా అని చూడటం మొదలైతే, పరీక్ష హాల్లోంచి ఎప్పటికీ బయటపడేదే లేదు. ముడతలు పోగొట్టే క్రీములు అమ్మేవాళ్లకు కావాల్సిందీ అదే. సంపాదించుకుని, పిల్లల బాధ్యతలు తీరి, చేతిలో నాలుగు డబ్బులున్న ఆడవాళ్ల కంటే మంచి బేరం ఎవరు?

లోపలికి నడిచినవాళ్ల మాటా కొట్టిపారేయలేం. ఎవరూ కొలవకపోవడం వేరు, ఎవరూ చూడకపోవడం వేరు. పెద్ద వయసు ఆడవాళ్లకు కొలతల గోల వదిలింది నిజమే, దాంతోపాటు చూపు కూడా వదిలేసింది. బస్సులో సీటిచ్చే కుర్రాడు ముఖం చూడకుండానే లేస్తాడు. షాపులో 'పెద్దవాళ్లకు చూపించు' అనగానే బూడిదరంగు, గోధుమరంగు చీరలు వచ్చిపడతాయి. భర్త పోయిన మనిషైతే బొట్టూ గాజులూ పూలూ ఒక్కరోజులో తీసేయించిన తరాలు మనవి. సింగారమంటే ఇంకొకరి కోసం చేసుకునేదేననీ, ఆ ఇంకొకరు లేకపోతే దానికి అర్థమే లేదనీ చేసిన తీర్పు అది. అలాంటిచోట ఒక డెబ్భై ఏళ్ల మనిషి తనకోసం తాను ముస్తాబైతే, అది ఏ ఉపన్యాసానికీ తీసిపోని జవాబు.

పోటీ మంచిదా చెడ్డదా అన్న తగువు ఇప్పట్లో తేలదు. తేలిన సంగతి ఒకటుంది. ఆ వేదికల దాకా వెళ్తున్న పెద్దవాళ్లలో చాలామంది కిరీటం కోసం వెళ్లడం లేదు. చూడటం మానేసిన లోకం చేత ఒక్కసారి తలెత్తి చూపించుకోవడానికి వెళ్తున్నారు. ఇంట్లో ఆ చూపు దొరికితే వేదిక అక్కర్లేని వాళ్లూ వాళ్లలో ఉండి ఉంటారు.

పెళ్లింట్లో తల్లిని గమనించండి. పెళ్లికూతురి జడ, తోడిపెళ్లికూతురి ఓణీ, వియ్యపురాలి కాఫీ, పురోహితుడి కొబ్బరికాయలు... అన్నీ అయ్యాక, ముహూర్తానికి పది నిమిషాల ముందు గబగబా పట్టుచీర చుట్టుకుని వస్తుంది. అద్దంలో చూసుకునే తీరికే ఉండదు. ఫొటోగ్రాఫర్ కూడా 'అమ్మగారూ, కొంచెం పక్కకి' అనే అంటాడు. పండక్కి, పుట్టినరోజుకి, టూరుకి వెళ్లినప్పుడు ఫొటో తీసేదీ ఆమే, లేదా సామాను దగ్గర నిలబడేదీ ఆమే.

అందుకే చాలా ఇళ్లలో ఆమె పోయాక ఒక వెతుకులాట మొదలవుతుంది. పదకొండో రోజుకి గోడకు పెట్టడానికి ఫొటో కావాలి. ఆల్బమ్‌లు తిరగేస్తారు, ఫోన్లు గాలిస్తారు. ఒకదాంట్లో సగం భుజం, ఒకదాంట్లో మనవడి వెనక కొంగు, ఒకదాంట్లో కళ్లు మూసుకుని ఉంటుంది. ఎక్కడా ఆమె ఒక్కతే ఉండదు. చివరికి ఆధార్ కార్డు మీది ఫొటోనే స్టూడియోలో పెద్దది చేయించి దండ వేస్తారు. జీవితంలో ఒక్కసారి కెమెరాకి ఎదురుగా కూర్చుంది, అదీ ప్రభుత్వం రమ్మంటే!

ఈ ఆదివారం ఎలాగూ అందరూ ఇంట్లోనే ఉంటారు. ఫోనూ చేతిలోనే ఉంటుంది. పెరటి వెలుతురులో ఒక కుర్చీ వేసి, అమ్మనో అత్తగారినో బామ్మనో కాసేపు కూర్చోమనండి. 'నాకెందుకురా ఇప్పుడు, నీ మొహం' అంటుంది. అంటూనే కొంగు సర్దుకుంటుంది.